బోర్లించి కట్టిన పడవ

ప్రళయవేళ దిక్కులన్నీ నీరైనప్పుడు ఓడ పగ్గమును తన కొమ్మునకు తగిలించుకొని, విత్తనములనూ ఋషులనూ ఒడ్డు చేర్చిన ఆ మీనరూపునకు నమస్కరించి, నీటిమీద తేలు సమస్తమునకూ ఆయనయే కాపు అని నమ్మి, శ్రీ ఈశ్వర నామ సంవత్సర మార్గశిర శుద్ధ పంచమి నాడు నర్సీపట్నంలో మా ఇంటి వసారాలో మొదలైన ఒక పని వృత్తాంతమును వ్రాయుచున్నాను. ఆ పని పడవ కట్టడం. కట్టినవాళ్ళం నేనూ, నా భార్య తమ్ముడూ.

నేను ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మాది మాకవరపాలెం వైపు చెరకూ వరీ పండించుకునే కుటుంబం. కావ్యాలలోని నౌకావర్ణనలు తరగతిలో ఎన్నిసార్లు రాగయుక్తంగా చదివి వినిపించానో గాని, ఆనాటికి పడవ ఎక్కిన పాపాన పోలేదు. మా బావమరిది అలా కాదు. విశాఖపట్నంలో ఓడలు బాగుచేసే చోట వడ్రంగిగా చేరి, మేస్త్రీలకు మేస్త్రీ అయినవాడు. పెళ్ళి చేసుకోలేదు. గొంతు పెద్దది, గర్వం అంతకన్న పెద్దది, నవ్వు ఆ రెండింటికన్న పెద్దది. ఆ ముందటి ఏడు అతనికి పక్షవాతం వచ్చింది. ఆసుపత్రి నుంచి నేరుగా మా ఇంటికే తీసుకువచ్చాం. కాలు త్వరగానే దారికి వచ్చింది. కుడిచేతి వేళ్ళు మాత్రం రాలేదు.

వేళ్ళు ఆడకపోతే వడ్రంగం పోతుందనే దిగులనుకున్నాం. అతని బాధ అది కాదు, భోజనం. మా ఇంట్లో అందరం ఒక వరుసలో కూర్చుని తినడం అలవాటు. ఎడమచేయి నోటికి తీసుకువెళ్ళడం పసిపిల్లలకు కూడా మేము ఒప్పుకోము. అతడు కంచం పట్టుకుని పెరటి వసారాలోకి పోయి, గోడవైపు తిరిగి కూర్చుని, చెంచాతో ఎడమచేత్తో తినేవాడు. ఎవరైనా అటు వెళితే తినడం ఆపేసేవాడు.

"నలుగురిలో కూకుని ఎడం సేత్తో తినమంటావేటక్కా? నేనేటి పాలు తాగే పిల్లోడినా?" అన్నాడొకసారి. నా భార్య మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. తమ్ముడు తిని చేయి కడుక్కున్న చప్పుడు వినిపించేదాకా తాను మాత్రం విస్తరి ముందు కూర్చునేది కాదు. "నాకేటీ వొద్దండి. వాడొక్కపూట మన పక్కన కూకుని తింటే సాలు," అని నాతో అనేది. ఆ ఏడంతా మా ఇంట్లో ఉన్న కోరిక అదొక్కటే.

చేతికి ఏదైనా పని చెప్పమన్నారు డాక్టరుగారు. నొక్కడానికి రబ్బరు బంతి ఒకటి ఇచ్చారు. మా బావమరిది దానిని వీధిలోకి విసిరేశాడు, ఎడమచేత్తోనే. ఆ సాయంత్రం తన ట్రంకుపెట్టె అడుగునుంచి, ఏదో ఓడవాడు వదిలిపోయిన విదేశీ పత్రిక ఒకటి తీసి నా ముందు పరిచాడు. అందులో సన్నని చెక్కబద్దలను అంచుకు అంచు అతికించి కట్టిన ఒక పడవ బొమ్మ ఉంది. ఇద్దరు పట్టే పడవ, రెండు కొనలూ ఒకలాగే సన్నగా పైకి లేచినది. కెనూ అంటారట.

"బావా, ఇది కడదాం."

"నర్సీపట్నంలోనా?"

"నర్సీపట్నంలో కడితే మునిగిపోతాదేటి?"

ఆ పత్రికలో రాసిన కలప పేరుకు నేను నిఘంటువు తిరగేస్తే దేవదారు అని తేలింది. నాకు పట్టరాని సంతోషం కలిగింది. హిమవత్పర్వత సానువులలో, పరమశివుడు తపస్సు చేసిన వనంలోని వృక్షం కదా! మరునాడే ఉతికిన పంచె కట్టుకుని బజారులోని కలప అడితికి వెళ్ళి, దేవదారు కావాలి అని గంభీరంగా అడిగాను. అడితి యజమాని లేచి నిలబడి, ఎంతో మర్యాదగా, "ఎన్ని పెట్టెలకండి మేస్టారూ? టమాటాలకా, మావిడికాయలకా?" అన్నాడు.

మా వైపు బజారులో దేవదారు అంటే పళ్ళూ కూరగాయలూ లారీలో వచ్చే పెట్టెల చెక్క. మేకు కొడితే చీలిపోయేది. నేను తెచ్చిన ముక్కను మా బావమరిది వాసన చూసి, పొయ్యి దగ్గర పెట్టి రమ్మని అక్కకు ఇచ్చాడు. తర్వాత తానే చేతికర్ర పట్టుకుని నా వెంట అడితికి వచ్చాడు. అక్కడ ఎవరిదో పాత ఇల్లు విప్పిన దూలాలు ఒక మూల పడి ఉన్నాయి. ఎర్రగా, తేలికగా, గోరుతో గీస్తే కమ్మని వాసన వేసే కర్ర. ఏమిటని అడిగితే "నంది" అన్నాడు యజమాని. ఇంటికి వచ్చి చూసుకుంటే నా నిఘంటువులో కూడా నందివృక్షం ఉంది.

"దేవదారు వనంలో స్వామి కూర్చుంటాడు. తిరగాలంటే ఎక్కేది నందినే. మనకు కావలసింది తిరిగేదే కదా," అన్నాను.

"సూసేవా అక్కా, టమాటా పెట్టెల కాడికెళ్ళొచ్చి దానికీ పురాణం కట్టీసేడు మా బావ!" అని అతడు వసారా అదిరేలా నవ్వాడు. చాలాకాలానికి విన్న నవ్వు అది.

రంపం మిల్లులో దూలాలను సన్నని బద్దలుగా కోయించాం. పడవ అడ్డుకొలతలకు తగ్గట్టు ప్లైవుడ్ అచ్చులు కోసి, వసారా పొడవునా ఒక బల్లమీద వరుసగా నిలబెట్టాం. వాటిమీద బద్దలు ఒక్కొక్కటిగా వంచి, జిగురు రాసి, ఆరేదాకా పిన్నులతో బిగించాలి. ఈ పద్ధతిలో పడవను తలకిందులుగానే కట్టాలి, అడుగు ఆకాశంవైపు ఉండాలి. నా భార్యకు అది నచ్చలేదు.

"ఇదేటండీ? ఇంటిలో ఎవులైనా పడవ బోర్లా పెడతారేటి? సూసినోలు ఏటనుకుంటారు?"

జవాబు తమ్ముడు చెప్పాడు. "అక్కా, పుట్టిన పిల్లలు ముందు బోర్లాయే కదా పడతారు? అలా పడిన్నాడు నువ్వేటి సేస్తావు?"

"బొబ్బట్లు."

"మరింకేటి? ఇది తిరగబడిన్నాడు సెయ్యి."

బిడ్డ మొదటిసారి బోర్లా పడినరోజు ఇంటింటికీ బొబ్బట్లు పంచడం మా ఆచారం. ఈ బిడ్డ పుట్టడమే బోర్లా పుట్టింది కాబట్టి, వెల్లకిల తిరిగిన రోజునే బొబ్బట్లు అని అక్కాతమ్ముళ్ళు రాజీపడ్డారు. అప్పటినుంచి ఆవిడ వసారాలోకి వచ్చినప్పుడల్లా పడవను పసిబిడ్డను చూసినట్టే చూసేది. పైన దుమ్ము పడితే చీరచెంగుతో తుడిచేది.

నక్కపల్లి వైపు నుంచి పొద్దున్నే బస్సులో చేపలగంప తెచ్చి మా వీధుల్లో అమ్మే ఒకావిడ ఉండేది. మాతో వేళాకోళమాడేంత పాత పరిచయం. మా గుమ్మం ముందు గంప దించి, లోపలికి తొంగిచూసి, బుగ్గన చేయి పెట్టుకుంది.

"మేస్టారండీ, సముద్రం నర్సీపట్నం వొచ్చీసినాదేటండి? మాకు సెప్పనేదే! తెలిస్తే ఈ బస్సు సార్జీ మిగిలీది కదా!"

"వొస్తాదే. ముందు పడవొచ్చినాది, ఎనక సముద్రం," అన్నాడు మా బావమరిది.

"వొస్తాది బాబూ, వొస్తాది. అల్లుడొచ్చినాక అత్తోరు రారేటి?" అని గంప ఎత్తుకుంది.

ప్రతి బద్ద అంచునూ పక్కబద్దకు ఒదిగేలా ఏటవాలుగా చిత్రిక పట్టాలి. చిత్రికకు రెండు చేతులూ కావాలి కాబట్టి ఆ పని నాది, తిట్టడం అతనిది. "చిత్రిక పడతన్నావా బావా, పప్పు రుబ్బుతున్నావా?" "అది బద్ద, దీర్ఘం కాదు, అంత సాగదీయకు." సుద్దముక్క పట్టడం ఒక్కటే నేర్చుకున్న నా వేళ్ళకు పనిముట్టు మాట వినడానికి నెల పట్టింది. ఆ నెలలో నేను ఒక సంగతి కనిపెట్టాను. పద్యంలో యతి కుదిరిందా లేదా అన్నది చెవికి ఎలా తెలుస్తుందో, బద్దకు బద్ద కుదిరిందా లేదా అన్నది బొటనవేలికి అలా తెలుస్తుంది. ఈ మాట అతనితో అంటే, "సరే గాని, నీ బొటనేలికి జిగురంటుకుపోనాది సూసుకో," అన్నాడు.

నడుమ చివరి బద్ద ఒదిగిన రోజు పుష్యమాసంలో ఒక ఉదయం. పిన్నులన్నీ ఊడబీకాక పడవ పొట్ట మెట్లు మెట్లుగా, గరుకుగా ఉంది. దానిని నున్న చేయాలి. ఇక్కడే అతని చేయి పనిలోకి వచ్చింది. గరుకు కాగితం చుట్టిన చెక్కముక్కను అతని అరచేతికి ఆనించి, నా భార్య పాత చీర అంచు చింపి కట్టుకట్టేది. వేళ్ళతో అవసరం లేదు, అరచేయి ఆని, భుజం ఊపితే చాలు. మాఘమంతా ఆ చప్పుడే మా ఇంటికి సుప్రభాతం. ఎర్రని పొడి అతని కనుబొమలమీద, మీసాలమీద పేరుకునేది. అలిసిపోయి ఆపేవాడు, తిట్టుకునేవాడు, మళ్ళీ కట్టమనేవాడు. భోజనవేళకు మాత్రం కట్టు విప్పించుకుని, కంచంతో పెరటివైపు వెళ్ళిపోయేవాడు.

నున్నబడిన పొట్టమీద ఫైబర్ గుడ్డ పరిచి రెజిన్ పూయాలి. ఇప్పుడు మా తీరంలో తెప్పల బదులు దిగుతున్న ఫైబరు పడవలకు వాడే సరుకే, విశాఖపట్నం నుంచి బస్సులో తెచ్చుకున్నాం. రెండు ద్రవాలు కలిపిన క్షణం నుంచి అది గట్టిపడడం మొదలుపెడుతుంది. నేను తీర్థం కలిపినట్టు నిదానంగా కలుపుతుంటే గిన్నె వేడెక్కి పొగ లేచింది.

"బేగి బావా, బేగి! నీ సందస్సు తరవాత సూసుకుందువు గాని, ముందు పుయ్యి!"

గిన్నె పారేసి మరొకటి కలిపాం. నేను కుంచెతో పూస్తుంటే, అతడు ప్లాస్టిక్ సంచి తొడిగిన అరచేత్తో గుడ్డ ముడతలు తీస్తూ నా వెంటే నడిచాడు. తెల్లని గుడ్డ తడిసినచోటల్లా మాయమైపోయి, కిందినుంచి నంది ఎరుపు నిండుగా పైకి వచ్చింది. నా భార్య తలుపు దగ్గర నిలబడి "అమ్మమ్మ, ఎంత రంగో!" అంది.

ఫాల్గుణంలో పడవను తిప్పాం. వీధిలోని ఇరుగుపొరుగు మగవాళ్ళు వచ్చి రెండు వైపులా పట్టుకున్నారు. అచ్చుల మీదనుంచి లేచి, గాలిలో పక్కకు ఒరిగి, వెల్లకిల తిరిగి, వసారాలో గడ్డిమెత్తలమీద దిగింది. పొద్దుటినుంచి నా భార్య బొబ్బట్లు చేస్తూనే ఉంది. పడవ పక్కనే వరుసగా విస్తళ్ళు వేసింది. తమ్ముడికీ ఒకటి వేసింది, నా పక్కన. అతడు ఒక్కక్షణం చూసి కూర్చున్నాడు.

చేతికి కట్టిన చెక్కముక్కతో పడవను నున్న చేయవచ్చు గాని, బొబ్బట్టు తుంచాలంటే వేళ్ళు కావాలి. నేతితో జారే బొబ్బట్టును అతడు అరచేత్తో నొక్కిపట్టి లాగాడు. అది జారి పక్కాయన విస్తట్లో పడింది. ఆ పక్కాయన పాపం ఏ కపటమూ లేనివాడు, "మీదీ నాకేనా బాబూ? అలగే కానీండి," అని నవ్వాడు. అందరూ నవ్వారు. మా బావమరిది నవ్వలేదు. పంక్తిలో అందరూ ముగించేదాకా ఎవరూ లేవకూడదు. అతడు విస్తరి మడిచి, లేచి, పెరట్లోకి వెళ్ళిపోయాడు. నా భార్య నేతిగిన్నెతో అలాగే నిలబడిపోయింది. తరవాత వడ్డన సాగించింది, కాని ఎవరికి ఏమి వేసిందో ఆవిడకు తెలియలేదు. నాకు బొబ్బట్టుమీద పులుసు పోసింది.

ఆ మరునాటి నుంచి అతడు పడవ లోపలికి దిగి కూర్చున్నాడు. లోపలివైపు నున్న చేయడానికి చెక్కముక్క పనికిరాదు. అది గుంటగా ఉంటుంది, కాగితం మడిచి వేళ్ళ కొసలతో రుద్దాలి. నేను చేస్తానంటే "నువ్వు బయటి పని సూసుకో," అన్నాడు. చైత్రం వెళ్ళింది, వైశాఖపు ఎండలు వచ్చాయి, అతడు పడవలోనే ఉన్నాడు. మొదట వేళ్ళమధ్య కాగితం నిలిచేది కాదు. ఎడమచేత్తో కుడివేళ్ళను మడిచి, దానిమీద అదిమి పెట్టి రుద్దేవాడు. జ్యేష్ఠం నాటికి కాగితం జారకుండా నిలిచింది. నాకు కనబడింది, నా భార్యకూ కనబడింది. అయినా కంచం పెరటివైపు వెళ్ళడం మానలేదు.

వానాకాలంలో అంచుకర్రలు బిగించాం, కూర్చునే పీటలు తాళ్ళతో అల్లాం. వార్నీషు పూసే రోజుల్లో వీధి దుమ్ము లోపలికి రాకుండా నా భార్య తడిపిన దుప్పట్లు వసారాకు కట్టింది. అయినా ఒక చీమ ఎలాగో వచ్చి ముందుకొన దగ్గర వార్నీషులో చిక్కుకుంది. గీకి తీద్దామంటే మా బావమరిది ఒప్పుకోలేదు. అది టికెట్టు లేకుండా ఎక్కిన మొదటి ప్రయాణికుడట.

మా వీధివాళ్ళం ఏటేటా కార్తికంలో వనభోజనాలకు ఏదో ఒక జీడితోటకు వెళ్ళేవాళ్ళం. ఆ ఏడు తాండవ జలాశయం ఒడ్డుకు వెళదామని నా భార్యే అంది. బహుధాన్య నామ సంవత్సర కార్తిక శుద్ధ దశమి నాడు, సరుగుడు కర్రలు తోలే ట్రాక్టరు తొట్టెలో పడవనూ, వంటపాత్రలనూ, మమ్మల్నీ ఎక్కించుకుని బయలుదేరాం. చేపలావిడ కూడా తొట్టె ఎక్కింది.

"కార్తీకంలో సేపలు కొనీవోలెవులండి? నాను కాళీయే కదా. మీరు మునిగితే తియ్యడానికి ఒక మనిసుండాల," అంది.

పడవకు పసుపు పూసి, బొట్టుపెట్టి, కొబ్బరికాయ కొట్టి నీటిలోకి దించాం. తేలింది. ఇటు ఒరగలేదు, అటు ఒరగలేదు, ఎప్పటినుంచో నీటిలోనే ఉన్నట్టు నిలబడింది. వెనకపీట మీద మా బావమరిది కూర్చున్నాడు. తెడ్డు పైకొసమీద కుడిచేయి చుట్టి పట్టుకున్నాడు. ముందుపీట మీద నేను. ఇస్త్రీ పంచె, కండువా, నుదుట విభూతి.

నౌకావర్ణనలు చదివినవాడికీ తెడ్డు వేసేవాడికీ ఏ సంబంధమూ లేదని అప్పుడు తెలిసింది. నేను ఒక్క తెడ్డు వేస్తే పావువంతు నీళ్ళు జలాశయంలో, సగం నా ముఖాన, మిగిలినవి వెనకవాడి మీద పడ్డాయి. పడవ ముందుకు పోకుండా గుండ్రంగా తిరగసాగింది.

"తెడ్డెయ్యి బావా, ముగ్గెయ్యకు!" అని వెనకనుంచి కేక.

"మేస్టారు నీళ్ళకే కల్లాపి సల్లుతన్నారండి!" అని ఒడ్డునుంచి చేపలావిడ.

చివరకు అతనొక్కడే నెమ్మదిగా తెడ్డు వేసి పడవను ఒడ్డుకు తెచ్చాడు. అడుగు తగలగానే నేను హుందాగా లేచి, కుడికాలు బయట పెట్టబోయి, బురదలో కాలు జారి, మొలదాకా నీళ్ళు వచ్చేలా కూర్చుండిపోయాను. కండువా తేలుకుంటూ పోయింది. వీధి వీధంతా పొట్టలు పట్టుకుని నవ్వింది. నా భార్య కూడా, నోటికి చెంగు అడ్డంపెట్టుకుని. మా బావమరిది పడవ అంచు పట్టుకుని ఊగిపోతూ నవ్వాడు.

ఉసిరిచెట్టు కింద విస్తళ్ళు పడ్డాయి. తడిపంచెతోనే నేను పంక్తిలో కూర్చున్నాను. మార్చుకోవడానికి మరొకటి తెచ్చుకోలేదు. నా భార్య చేతిలో ఒక్క విస్తరి మిగిలింది. దానిని పట్టుకుని, కాస్త దూరంగా ఉన్న మరో చెట్టువైపు చూసి, తమ్ముడివైపు చూసింది. అతడు నడిచివచ్చి నా పక్కన చతికిలబడ్డాడు.

"ఇక్కడే ఎయ్యక్కా. బావ పక్కన కూకుంటాను. ఈయన్ని సూసినోళ్ళు ఇంక నన్నేటి సూస్తారు?"

ఆవిడ విస్తరి వేసి, నీళ్ళు చల్లింది. అన్నం వడ్డించి, పప్పు వేసింది. అతడు కుడిచేత్తో కలిపాడు. ముద్ద సరిగా కట్టలేదు. సగం నోటికి వెళ్ళింది, సగం పంచెమీద పడింది. ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఒకసారి చూసి, మళ్ళీ నా తడిపంచె గురించి ఏదో అని నవ్వుకున్నారు. రెండో ముద్ద చిన్నది చేశాడు. అది నిలిచింది. తరువాత ఎవరూ చూడలేదు, నేను తప్ప. నేనూ కాసేపటికి మానేశాను, ఎందుకంటే పులిహోర చాలా బాగుంది.

మారు అన్నం అడగకుండానే వేసింది నా భార్య. "సాలక్కా, సాలు," అంటూనే తిన్నాడు. పంక్తిలో అందరికన్న ఆలస్యంగా ముగించాడు. అంతదాకా ఎవరూ లేవలేదు. అతడు చేయి దులుపుకుని "ఊఁ" అన్నాక అందరం ఒక్కసారి లేచాం. నా భార్య ఆ రోజు ఆడవాళ్ళ పంక్తిలో, తమ్ముడు చేయి కడుక్కునే చప్పుడు కోసం ఆగకుండా, ఆకలిగా తిన్నది.

ప్రమాది నామ సంవత్సర శ్రావణ శుద్ధ దశమి, అనగా 1999 ఆగస్టులో, మా బావమరిది విశాఖపట్నం తిరిగి వెళ్ళి, నలుగురూ బల్లవరుసలో కూర్చుని తినే ఒక మెస్సులో భోజనానికి కుదిరాడు.